గడువు కొనే బేరం



ఈ సంక్రాంతికి మా అక్కయ్య కొడుకు హైదరాబాదు నుంచి వచ్చాడు. ఉద్యోగంలో చేరి ఏడాదిన్నర అయింది. కనుమ నాడు గారెలు తిని అందరం అరుగు మీద నడుం వాలిస్తే, వాడు మాత్రం గోడకు ఆనుకుని ఫోన్లో మునిగిపోయాడు.

"ఏంట్రా అంత దీక్షగా చూస్తున్నావు?" అన్నాను.

"ఆప్షన్స్ మామయ్యా. మా ఆఫీసులో సగం మంది చేస్తున్నారు. అకౌంటు తెరిచాను గానీ ఇంకా ఒక్క బేరం కూడా చేయలేదు. ఎలా మొదలుపెట్టాలో చెప్పు, నీ దగ్గరికి ఇలాంటివాళ్లు వస్తుంటారుగా."

వస్తుంటారు. నేను షేర్ల వ్యాపారిని కాను. ఊళ్లో పన్ను రిటర్నులు వేసిపెట్టే మనిషిని. జులై వచ్చిందంటే కుర్రాళ్లు బ్రోకరు పంపిన లాభనష్టాల పట్టీ పట్టుకుని వరస కడతారు. అందులో లాభం ఉన్న పట్టీ చేతికొస్తే ఆ రోజు గుర్తుండిపోతుంది, అంత అరుదు.

వాడి ఫోను తీసుకుని చూశాను. యాప్ తెరవగానే ఒక నోటీసు వచ్చింది. ఈక్విటీ ఫ్యూచర్స్, ఆప్షన్లలో వ్యక్తిగతంగా ట్రేడ్ చేసేవాళ్లలో ప్రతి పదిమందిలో తొమ్మిదిమందికి నికరంగా నష్టమే వస్తోందని, మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ పెట్టించిన హెచ్చరిక అది. కింద ఒక బటను ఉంది. నేను రెండో లైను చదివేలోపే మావాడి బొటనవేలు వచ్చి దాన్ని నొక్కేసింది.

"చదివావా?"

"రోజూ వచ్చేదే మామయ్యా. నొక్కితేగానీ లోపలికి పోనివ్వదు."

సరే, లోపలికే వెళదాం.

పొలాల బేరం తెలిసినవాళ్లకు ఆప్షను కొత్తదేమీ కాదు, పేరొక్కటే కొత్త. ఎకరం 50 లక్షలకు బేరం కుదిరిందనుకోండి. లక్ష రూపాయలు బయానా ఇచ్చి, మూడు నెలల గడువు పెట్టి అగ్రిమెంటు రాయించుకున్నారు. ఈలోగా పక్కనుంచి రోడ్డు పోతుందని కబురొచ్చి ఎకరం 60 లక్షలయింది. అగ్రిమెంటు చేతిలో ఉన్నవాడు రిజిస్ట్రేషను ఆఫీసు దాకా కూడా వెళ్లడు. ఆ కాగితాన్నే ఇంకొకరికి ఎనిమిదో తొమ్మిదో లక్షలకు ఇచ్చేసి పక్కకు తప్పుకుంటాడు. అలా కాకుండా, రోడ్డు కబురు ఉత్తదేనని తేలి ధర 40కి జారిపోయిందా, బయానా మీద ఆశ వదులుకుని ఇంటికి పోతాడు. పొలం విషయంలో అవతలివాడు కోర్టుకెక్కితే అంత తేలిగ్గా వదిలిపోదనుకోండి, అది వేరే గొడవ. ఆప్షన్‌లో మాత్రం వదిలేసే హక్కు కొన్నవాడికి మొదటినుంచీ ఉంటుంది. పోయేది బయానా మాత్రమే.

దీన్నే మార్కెట్టు భాషలో కాల్ ఆప్షన్ అంటారు. బయానా పేరు ప్రీమియం. మాట్లాడుకున్న 50 లక్షలు స్ట్రైక్ ధర. గడువు తీరే రోజు ఎక్స్‌పైరీ.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. అగ్రిమెంటు పెట్టుకున్నవాడు పొలం కొనలేదు, మూడు నెలల గడువు కొన్నాడు. రెండున్నర నెలలు గడిచాక కూడా ఎకరం 50 దగ్గరే కదలకుండా ఉంటే, ఆ కాగితాన్ని ఎవరు కొంటారు? మొదటివారంలో యాభైవేలైనా పెట్టి తీసుకునే మనిషి దొరికేవాడు. చివరివారంలో ఐదువేలకు అడిగినా నవ్వి ఊరుకుంటారు. పొలం ధర రూపాయి కూడా తగ్గలేదు. తగ్గింది రోజులు. గడువు దాటిన మర్నాడు ఆ స్టాంపు కాగితం బఠాణీల పొట్లానికి తప్ప దేనికీ పనికిరాదు.

ఇక రెండో రకం, పుట్. ఇది అమ్మే హక్కు. ధాన్యానికి మద్దతు ధర ఉందే, అదే ఇది. బజారులో ఎక్కువ పలికితే రైతు బజారులో అమ్ముకుంటాడు, పడిపోతే మద్దతు ధరకు ఇస్తాడు. ఇచ్చే హక్కు ఉంది, ఇచ్చి తీరాలన్న బంధం లేదు. కాకపోతే సర్కారు ఆ హక్కుకు బయానా అడగదు, మార్కెట్టు అడుగుతుంది. ఇంకో తేడా కూడా ఉంది. కొనుగోలు కేంద్రంలో తేమ శాతం కొలిపించుకోవడానికి ఎన్ని పూటలు కాపలా పడుకోవాలో రైతుకే తెలుసు. షేర్ల సూచీ నిఫ్టీ మీది పుట్‌కు ఆ బాధ లేదు, గడువు తీరిన మర్నాటికల్లా డబ్బు లెక్క తేలిపోతుంది.

మన దేశంలో ఈ బేరానికి పాతికేళ్ల వయసు. నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీలో సూచీ మీద ఆప్షన్లు 2001 జూన్‌లో, విడి షేర్ల మీద ఆ జులైలో మొదలయ్యాయి. చాలాకాలం పెద్దవాళ్ల వ్యవహారంగానే ఉండిపోయింది. ఫోన్లో యాప్ వచ్చాక మా అరుగు దాకా వచ్చింది.

మావాడికి కాగితం పెన్నూ ఇచ్చాను. నిఫ్టీ 25,000 దగ్గర ఉందనుకుందాం. 25,100 కాల్ ప్రీమియం వంద రూపాయలు. కానీ ఒక్కటి అమ్మరు, లాటుగా కొనాలి. నిఫ్టీ లాటు ఒకప్పుడు 25, తర్వాత 75 చేశారు, 2026 జనవరి నుంచి 65. అంటే కట్టేది 6,500. మంగళవారం నిఫ్టీ వారపు గడువు.

"మంగళవారానికి నిఫ్టీ 25,150 అయింది. నీకెంత వచ్చింది?"

"పెరిగింది కదా, లాభమే."

"లెక్క వేయి."

25,100కు కొనే హక్కు, సూచీ ఉన్నది 25,150లో. హక్కు విలువ 50 రూపాయలు. 65తో గుణిస్తే 3,250. పెట్టింది 6,500. వాడు రెండుసార్లు గుణించి చూసి తలెత్తాడు.

"పెరుగుతుందని చెప్పి, నిజంగానే పెరిగినా, సగం పోయింది!"

అవును. షేరు కొన్నవాడికి పెరిగితే చాలు. ఆప్షను కొన్నవాడికి పెరగాలి, 25,200 దాటేంత పెరగాలి, మంగళవారం లోపు పెరగాలి. ఈ మూడింట్లో ఒకటి తప్పినా బేరం చెడ్డట్టే. బుధవారం నాడు నిఫ్టీ 25,600కు ఎగబాకితే దాన్ని చూసి ఆనందించడానికి డబ్బేమీ తీసుకోరు.

యాప్‌లో మావాడికి ఇంకో పేరు కనబడింది, ఏటీఎం. ఆప్షన్ల భాషలో సూచీ ఎక్కడ ఉందో సరిగ్గా ఆ స్ట్రైకును అలా అంటారు. దాటి లాభంలో ఉన్నది ఐటీఎం, ఇంకా దూరంగా ఉన్నది ఓటీఎం. కొత్తవాళ్ల చెయ్యి నేరుగా ఓటీఎం మీదికే పోతుంది, మూడు రూపాయలకూ నాలుగు రూపాయలకూ దొరుకుతుంది గనక. ఎక్స్‌పైరీ రోజు మధ్యాహ్నం వీటితో ఆడే ఆటకు కుర్రాళ్లు పెట్టుకున్న పేరు 'హీరో ఆర్ జీరో'. నా దగ్గరికి వచ్చే పట్టీల్లో హీరోలు నాకింతవరకూ తగల్లేదు. ఏటీఎం అన్న పేరు వినగానే అందులోంచి డబ్బు వస్తుందనుకోవడం మన తప్పే.

ప్రీమియంలో రోజులు కాక ఇంకోటి కూడా కలిసి ఉంటుంది. దాన్ని ఇంప్లైడ్ వొలటిలిటీ అంటారు. పేరు చూసి భయపడనక్కర్లేదు. పుష్కరాలప్పుడు రాజమహేంద్రవరంలో లాడ్జి గది అద్దె గుర్తుచేసుకోండి. అదే మంచం, అదే ఫ్యాను, అదే కారే కుళాయి, అద్దె మాత్రం నాలుగింతలు. పన్నెండు రోజులు కాగానే మళ్లీ పాత అద్దె. మార్కెట్టుకూ పుష్కరాలుంటాయి. బడ్జెట్, రిజర్వు బ్యాంకు నిర్ణయం, ఎన్నికల లెక్కింపు. ఏదో జరగబోతోందన్న ముందురోజుల్లో ప్రీమియంలన్నీ ఉబ్బుతాయి, ఆ ఏదో జరిగిపోగానే ఉబ్బు దిగుతుంది. ఉబ్బు మీద కొన్నవాడికి సూచీ తన వైపే కదిలినా ఒక్కోసారి చేతిలో మిగిలేది తక్కువ.

2024 జూన్ 4 మన తెలుగువాళ్లు మరచిపోయే తేదీ కాదు. లోక్‌సభతోపాటు ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఓట్లు కూడా ఆ రోజే లెక్కించారు. అందరం టీవీలకు అతుక్కుపోయి ఉండగా అవతల మార్కెట్లో వేరే లెక్కింపు నడిచింది. ఎగ్జిట్ పోల్స్ చూసి ముందురోజు నిఫ్టీ 3 శాతానికి పైగా పెరిగి 23,264 దగ్గర ముగిసింది. ఆ ఊపులో కాల్స్ కొన్నవాళ్లు మర్నాడు పొద్దున్న కళ్లు నులుముకునేలోపే అయిపోయారు. సూచీ ఒక దశలో 21,300 దిగువకు వెళ్లి, చివరికి 21,884 దగ్గర ఆగింది. ఒక్కరోజులో దాదాపు 6 శాతం. ఆ మర్నాడు మళ్లీ 3 శాతానికి పైగా లేచింది. ఈ మూడు రోజుల్లోనూ కొన్నవాళ్లు ఉన్నారు, అమ్మినవాళ్లు ఉన్నారు. ఏ వైపు ఉండాలో ముందే తెలుసని ఇప్పుడు చెప్పేవాళ్లు నాకు చాలామందే తారసపడ్డారు.

అప్పుడు మావాడు తెలివైన ప్రశ్నే వేశాడు. "రోజులు గడిచేకొద్దీ కొన్నవాడి ప్రీమియం కరిగి అమ్మినవాడికి పోతుందిగా. అలాంటప్పుడు మనమే అమ్మితే పోలా మామయ్యా?"

ఆప్షన్లు నేర్చుకునే ప్రతివాడికీ రెండో నెలలో ఈ ఆలోచన వస్తుంది. నిజమే, అమ్మినవాడు ఎక్కువసార్లు గెలుస్తాడు. నెలలో ఇరవై రోజులు చిన్న చిన్న మొత్తాలు చేతికొస్తాయి. కానీ కొన్నవాడి నష్టం బయానాతో ఆగిపోతుంది, అమ్మినవాడి నష్టానికి ఆ గట్టు లేదు. ఇందాకటి జూన్ 4నే తీసుకోండి. నిఫ్టీ అంత దూరం పడదులే అని 22,500 పుట్ అమ్మి రాత్రి నిద్రపోయినవాడికి, సూచీ 21,300కు వచ్చిన నిమిషంలో ఒక్కో పుట్ మీద 1,200 రూపాయల బరువు నెత్తిన పడింది. అప్పటి లాటు 25 కాబట్టి 30,000. పది లాట్లు అమ్మినవాడికి మూడు లక్షలు. అమ్మాలంటే మార్జిన్ కింద పెద్ద మొత్తమే ముందు కట్టి ఉంచాలి, నష్టం పెరిగితే ఇంకా తెమ్మంటారు, తేకపోతే బ్రోకరే ఆ ధరకు తెగ్గొట్టేస్తాడు. దానికి తోడు ఇంకో ఆప్షను కొని నష్టానికి హద్దు కట్టుకునే పద్ధతి ఉంది, స్ప్రెడ్ అంటారు. అది నేర్చుకునేదాకా అమ్మకం జోలికి పోవద్దని మావాడికి ఖరాఖండిగా చెప్పాను. మామయ్యను గనక గట్టిగానే చెప్పాను.

బేరంలో అవతల ఎవరున్నారన్నది కూడా చూసుకోవాలి. పశువుల సంతలో కూడా మనం ఎద్దు పళ్లతోపాటు అమ్మేవాడి మొహమూ చూస్తాం. ఆప్షన్లలో మొహం కనబడదు. సెబీ 2024 సెప్టెంబరులో బయటపెట్టిన లెక్క ప్రకారం, 2023-24లో సొంత డబ్బుతో ట్రేడ్ చేసే సంస్థలు ఫ్యూచర్స్, ఆప్షన్లలో సుమారు 33,000 కోట్లు, విదేశీ ఇన్వెస్టర్లు సుమారు 28,000 కోట్లు గడించారు. ఖర్చులు తీయకముందు లెక్క అది. అందులో దాదాపు అంతా కంప్యూటరు ప్రోగ్రాములు చేసిన సంపాదనే. ఇటువైపు మనలాంటివాళ్లు. 2023-24తో ముగిసిన మూడేళ్లలో కోటిమందికి పైగా దిగితే 93 శాతానికి నష్టం, సగటున ఒక్కొక్కరికి దాదాపు రెండు లక్షలు. లక్షకు మించి మిగుల్చుకున్నవాళ్లు నూటికి ఒకరు. ఆ మరుసటి ఏడు, 2024-25లో, వ్యక్తుల నికర నష్టం లక్షా ఐదువేల కోట్లు దాటింది. యాప్‌లో మావాడు నొక్కిపారేసిన వాక్యం వెనక ఉన్నది ఇలాంటి లెక్కలే.

నన్ను కదిలించింది ఇవి కూడా కాదు. వరసగా రెండేళ్లు నష్టపోయినవాళ్లలో 75 శాతానికి పైగా మూడో ఏడు మళ్లీ వచ్చారట. అప్పు తీర్చేదాకా పేకాట బల్ల వదలనివాణ్ణి మనం ఏ ఊళ్లో చూడలేదు!

పోయిన జులైలో ఒక కుర్రాడు తెచ్చిన పట్టీ నా బల్ల మీద ఇంకా ఉన్నట్టే అనిపిస్తుంది. ఏడాదిలో పద్నాలుగు వందల బేరాలు. కొన్నదీ అమ్మిందీ కూడి తీసేస్తే నష్టం 18,000. కింద ఇంకో గడి ఉంది, ఖర్చులు: బ్రోకరేజి, లావాదేవీల పన్ను, ఎక్స్ఛేంజి రుసుము, జీఎస్టీ, స్టాంపు. అన్నీ కలిపి 44,000. "మార్కెట్టు నన్నేం పెద్దగా ముంచలేదండీ" అన్నాడు పాపం. ముంచింది పడవ కిరాయే. ఒక్కో బేరానికి ఇరవై ముప్పై రూపాయలే కదా అనుకుంటాం. పద్నాలుగు వందలతో గుణించి చూడం.

ఇక మొదలుపెట్టడం సంగతి. పాన్, డీమ్యాట్ ఉన్నా ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్ విభాగాన్ని విడిగా తెరిపించుకోవాలి, ఆదాయానికి రుజువు అడుగుతారు. జీతం చీటీయో, ఆర్నెల్ల బ్యాంకు స్టేట్‌మెంటో, రిటర్నో ఇస్తే సరిపోతుంది. ఇదంతా అరగంట పని. ఇంత తేలిగ్గా అయిపోవడమే నాకు నచ్చనిది.

మావాడికి పెట్టిన మొదటి షరతు మూడు నెలలపాటు నోటుబుక్కు మీద ట్రేడింగ్. నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీ వెబ్‌సైటులో ఆప్షన్ చెయిన్ అని ఒక పట్టిక ఉచితంగా కనబడుతుంది. ఎడమవైపు కాల్స్, కుడివైపు పుట్స్, నడుమ స్ట్రైకులు. వారానికి ఒకటే ఎంచుకుని, కొన్నట్టు రాసుకోవాలి. ఎందుకు కొన్నాడో ఒక్క వాక్యం ముందే రాయాలి. రోజూ మూడున్నరకు దాని ధర, నిఫ్టీ ధర పక్కపక్కన రాయాలి. నాలుగు వారాలు రాస్తే, రోజులతోపాటు ప్రీమియం కరగడం, పుస్తకాల్లో థీటా అని చదివేది, చేతివేళ్లకు తెలుస్తుంది.

ఆ తర్వాత కూడా నిఫ్టీయే, విడి షేర్లు కాదు. దీనికి కారణం చాలామంది ఆలస్యంగా తెలుసుకుంటారు. సూచీ ఆప్షన్ గడువు తీరితే తేడా డబ్బు రూపంలో చేతులు మారుతుంది. షేరు ఆప్షన్‌కు అలా కాదు, 2019 అక్టోబరు నుంచి అన్నిటికీ షేర్లే ఇచ్చిపుచ్చుకోవాలి. వెయ్యి రూపాయల షేరు, లాటు 500 అనుకోండి. ఐదువేలు పెట్టి కాల్ కొని, గడువు రోజు లాభంలో ఉంది కదా అని వదిలేస్తే, ఐదు లక్షలు తెచ్చి షేర్లు తీసుకోమంటారు. ఐదువేలవాడి దగ్గర ఐదు లక్షలెక్కడివి? గడువుకు ముందే అమ్మేసి బయటపడాలన్నది చాలామందికి ఒక రాత్రి నిద్రపోయాకే తెలిసింది.

ధర అడగకుండా కొనడం కూడా అలాంటిదే. దూరపు స్ట్రైకుల్లో కొనేవాడు నాలుగంటాడు, అమ్మేవాడు ఏడంటాడు. ధర చెప్పకుండా మార్కెట్ ఆర్డరు వేస్తే ఏడుకు కొని, మనసు మారి వెంటనే అమ్మితే నాలుగుకు పోతుంది. కూరగాయల బండి దగ్గర బేరమాడే మనుషులం, ఇక్కడెందుకు మొహమాటం? ధర చెప్పి లిమిట్ ఆర్డరే వేయాలి.

టెలిగ్రామ్ గుంపుల గురించి వాడే ఎత్తాడు. జాక్‌పాట్ కాల్, రేపటి రాకెట్, లాభాల స్క్రీన్‌షాట్లు. సలహా అమ్మేవాడికి సెబీ రిజిస్ట్రేషను నంబరు ఉండాలి, అది సెబీ వెబ్‌సైటులో సరిచూసుకోవచ్చు. నీ ఖాతా పాస్‌వర్డ్ ఇవ్వు, నేను నడిపిస్తాను, లాభంలో వాటా ఇవ్వు అనేవాడికి మాత్రం నంబరు చూడాల్సిన పని కూడా లేదు, ఫోను పెట్టేయడమే.

పన్ను మాట నేను చెప్పకపోతే ఎవరు చెబుతారు? ఆప్షన్ల ఆదాయం వ్యాపార ఆదాయం కింద లెక్క. జీతగాళ్లు మామూలుగా వేసే చిన్న రిటర్ను చాలదు, ఐటీఆర్-3 వేయాలి. ఇందులో వచ్చిన నష్టాన్ని జీతం మీద తగ్గించుకోవడం కుదరదు. కానీ గడువులోగా రిటర్ను వేస్తే ఎనిమిదేళ్లదాకా ముందుకు తీసుకుపోయి, వ్యాపార లాభం వచ్చిన ఏడు సర్దుకోవచ్చు. నష్టమే కదా, చెప్పేదేముంది అని దాచుకునే కుర్రాళ్లు ఈ ఒక్కదాన్నీ పోగొట్టుకుంటున్నారు.

మా బావగారు అప్పటిదాకా కళ్లు మూసుకుని వింటున్నారు. ఒక మాట అడిగారు. "ఇంతకీ ఇది ఎవరికి పనికొస్తుందయ్యా?"

ఆయనకే పనికొస్తుంది. రిటైరయ్యాక వచ్చిన డబ్బులో కొంత ఇండెక్స్ ఫండులో పెట్టుకున్నారు. పిల్ల పెళ్లికి ఆర్నెల్లలో తీయాలి, ఈలోగా మార్కెట్టు కూలితే ఎలా అన్నది ఆయన దిగులు. ఆ డబ్బు పదహారు లక్షలైతే ఒక నిఫ్టీ లాటుకు దాదాపు సరితూగుతుంది. గడువు దూరంగా ఉన్న పుట్ ఒకటి కొని పెట్టుకుంటే, కూలినప్పుడు ఆ పుట్ పెరిగి నష్టాన్ని చాలావరకు పూడుస్తుంది. కూలకపోతే ప్రీమియం పోతుంది, మోటారుసైకిలు ఇన్సూరెన్సు డబ్బు పోయినట్టే. ఆప్షన్లు అసలు పుట్టిందే ఈ పనికి. బావగారు ప్రీమియం ఎంతో కనుక్కుని, అంత ఖర్చెందుకు, డబ్బే ఇప్పుడు తీసి ఫిక్సెడ్ డిపాజిట్లో వేసుకుంటానన్నారు. అదీ సబబే. నేనేమీ వాదించలేదు.

మావాడు హైదరాబాదు వెళ్లి నోటుబుక్కు మొదలుపెట్టాడు. మొదటి వారం కాల్ ఒకటి పెన్సిలుతో కొన్నాడు, 65 లాటు, వంద రూపాయల చొప్పున. మంగళవారం మధ్యాహ్నం మూడు ఇరవైకి ఆఫీసు మెట్ల దగ్గర నుంచి ఫోన్ చేశాడు.

"ఐదు పైసలు మామయ్యా."

"ఏంటి?"

"వంద రూపాయలది ఇప్పుడు ఐదు పైసలు. అయినా కొంటామని లక్షల కొద్దీ ఆర్డర్లు కనబడుతున్నాయి. ఇంకో పది నిమిషాల్లో సున్నా అయ్యేదాన్ని ఎవరు కొంటారు?"

"అమ్మినవాళ్లురా. వందకు అమ్మింది ఐదు పైసలకు తిరిగి కొని లెక్క మూసుకుంటున్నారు."

అవతల కాసేపు మాట లేదు. లిఫ్టు తలుపు మూసుకున్న చప్పుడు వినబడింది.

"పెన్సిలు డబ్బే కదా," అన్నాడు చివరికి. "అయినా ఎందుకో కడుపులో తిప్పినట్టుంది మామయ్యా."